చీదరమ్మ

మూడుసార్లు జాడించినా దుప్పటి మీది పసుపు మరక వదల్లేదు. చీదరమ్మ ముఖం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, మరోసారి సబ్బు రుద్దింది. ఫాదరుగారు మంచం పట్టి నలభై రోజులైంది. వీపు నిండా పుళ్ళు. రోజుకు రెండు దుప్పట్లు, నాలుగు తువాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఈ పెరట్లో, ఈ బండ మీదే ఆయన బట్టలు ఉతుకుతోంది. కానీ ఈ వాసన మాత్రం ఆమెకు అలవాటు కాలేదు.

చీదరమ్మ అన్నది అక్కలు పెట్టిన పేరు. చిన్నప్పుడు గ్లాసులో వెంట్రుక కనిపిస్తే ఆ పూటకిక తిండి ముట్టేది కాదు. పెళ్ళయ్యాక పేరు కూడా అత్తారింటికి వెంట వచ్చింది. అత్తగారు పక్షవాతంతో పడిపోయిన ఏడాది, భర్త పనికి వెళ్ళిన ఒక రోజంతా ఆ ముసలావిడ తడిసిన పక్క మీదే ఉండిపోయింది. చీదరమ్మ గుమ్మం దాకా వెళ్ళడం, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి రావడం. సాయంత్రం భర్త వచ్చి తల్లిని శుభ్రం చేశాడు. పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనలేదు. ఆ తర్వాత బతికిన పదకొండేళ్ళలోనూ ఆ ఊసెత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు ఇప్పటికీ అనిపిస్తుంది.

దుప్పటి తీగ మీద వేస్తుండగా చర్చి కమిటీ పెద్ద వచ్చాడు. చేతిలో ఖాళీ క్యాను.

"ఫాదరుగారిని తుడిచిన నీళ్ళు పారబోస్తున్నావటగా. ఇవాళ్టి నుంచి ఇందులో పొయ్యి."

"పుళ్ళు కడిగిన నీళ్ళండీ అవి."

"మహిమ గల నీళ్ళని గేటు దగ్గర సీసాలు పట్టుకుని ఎంతమంది నిలబడ్డారో చూశావా?"

చూసింది. ఆ నీళ్ళు వాళ్ళేం చేసుకుంటారో ఊహించేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను అటు తిరగగానే బకెట్టు కాలువలో బోర్లించి, కుళాయి విప్పి క్యాను నింపింది.

అతను వెనక గోడ దాకా వెళ్ళి మూరలతో ఏదో కొలుస్తున్నాడు. అక్కడ పాలరాతి ఫలకం పెడతారట. 'ఫాదరుగారు ఏకాంతంగా ప్రార్థించిన చోటు' అని చెక్కించారట. మనిషి ఇంకా కళ్ళు తెరిచే ఉన్నాడు.

నలభై ఏళ్ళ కిందట ఒక ట్రంకు పెట్టెతో ఈ చర్చికి వచ్చారాయన. రోజూ ఉదయం పూజ అయ్యాక వెనక మెట్ల మీద కూర్చునేవారు. కుష్ఠు వాళ్ళు, పుళ్ళు మానని వాళ్ళు, ఇంట్లోవాళ్ళు బయటికి నెట్టేసిన వాళ్ళు వరసగా వచ్చేవారు. ఒక్కొక్కరి కాలూ ఒళ్ళో పెట్టుకుని కడిగి, కట్టు కట్టి పంపేవారు. తర్వాత గోడ వెనక్కి వెళ్ళి కాసేపు ఉండి వచ్చేవారు. ప్రార్థనకే అనుకునేవారంతా. చీదరమ్మా అలాగే అనుకుంది. పనిలో చేరిన మూడో ఏడు, గాలికి ఎగిరిన తువాలు తెచ్చుకుందామని అటు వెళ్ళింది. ఆయన గోడకు చెయ్యి ఆనించి, వంగిపోయి, వాంతి చేసుకుంటున్నారు.

దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు మూతి తుడుచుకున్నారు. "ఎవరికీ చెప్పకమ్మా. తెలిస్తే పాపం రావడం మానేస్తారు."

"మీకు కూడా అసహ్యమా, ఫాదర్?"

"రోజూనూ."

"మరి ఎలా చేస్తారు?"

"కడిగేది చేతులు కదమ్మా. కడుపు దాని గొడవేదో అది పడుతుంది."

అప్పుడు ఆమె అత్తగారి సంగతి చెప్పింది. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. ఫాదరుగారు పాపమనీ అనలేదు, ఫరవాలేదనీ అనలేదు. "ఆ రోజు మీ ఇద్దరికీ ఎంతకీ పొద్దుపోయి ఉండదు" అన్నారంతే.

పదింటికి ఉతికిన దుప్పటి తీసుకుని గదిలోకి వెళ్ళింది. అగరొత్తులు, డెట్టాలు, కుళ్ళు, అన్నీ కలిసిన వాసన. ఫాదరుగారి ముఖం పీక్కుపోయి, ముక్కు ఒక్కటే మిగిలినట్టుంది.

"తాత వచ్చాడా?" అన్నారు. గొంతు గాలిలా ఉంది.

గోనెసంచి కప్పుకుని తిరిగే ముసలాడి గురించి. ఎడమ కాలు మోకాలి దాకా పుండు. ఫాదరుగారు పడిపోయాక, ఆయనకు మందులిచ్చే కంపౌండరు కడిగేవాడు. జనం ఎక్కువయ్యాక, గది వదలొద్దని కమిటీ అతన్ని ఆపేసింది. ఆయన అడిగినప్పుడల్లా చీదరమ్మ, కడిగారని చెబుతూ వచ్చింది.

ఇవాళ ఆ మాట నోటికి రాలేదు. "వచ్చాడు. నాలుగు రోజులైంది ఫాదర్, ఎవరూ కడగలేదు. అబద్ధం చెప్పాను."

"తెలుసమ్మా. కిటికీ అటే ఉందిగా." కళ్ళు మూసుకున్నారు.

నువ్వు కడుగు అనలేదు. ఆమె భర్త కూడా ఇలాగే ఊరుకున్నాడు.

మధ్యాహ్నానికి గది కిక్కిరిసింది. బిషప్ గారు మూడింటికి వస్తున్నారని, ఆ కంపు ముసలాణ్ణి అవతలికి తోలెయ్యమని కమిటీ పెద్ద ఆమెకు పురమాయించాడు. అతని భార్య మంచం అంచున కూర్చుని, చిన్న కత్తెరతో ఫాదరుగారి చెవి వెనక జుట్టు కత్తిరించి కాగితంలో మడుస్తోంది. ఇంకొకామె కాలి గోళ్ళ దగ్గర ఉంది.

"ఇంకా ఊపిరి ఉందండీ" అంది చీదరమ్మ.

"అందుకే మెల్లగా కత్తిరిస్తున్నాం."

ఆ గదిలో అంతకన్నా రోత పుట్టించేది, పుళ్ళతో సహా, ఆమెకు ఏదీ కనబడలేదు. బయటికి నడిచింది. వంటింట్లో నీళ్ళు కాచి, ఉప్పు వేసి, పాత పంచె చింపి, వెనక మెట్ల మీదికి తెచ్చింది.

ముసలాడు అనుమానంగా చూశాడు. "నువ్వా?"

"నేనే. కాలు చాపు."

కట్టు చర్మానికి అతుక్కుపోయింది. తడిపి లాగితే పొరలతో సహా ఊడింది. లోపల తెల్లగా ఏవో కదిలాయి. పళ్ళు బిగించి, నీళ్ళు పోసి, ఒక్కొక్కటే తీసింది.

"నెమ్మది. ఫాదరు చెయ్యి ఇంత మొరటు కాదు."

"నాకు ఇదే చెయ్యి ఉంది మరి."

మడమ కడుగుతుండగా చర్చి గంట మోగింది. ఆగి ఆగి, ఒక్కొక్క దెబ్బ. లోపల ఏడుపులు లేచాయి, కుర్చీలు జరిగాయి, ఫాదరుగారి అంగీ ఎవరి దగ్గరుందని ఎవరో గట్టిగా అడుగుతున్నారు. చీదరమ్మ చేతులు ఆగిపోయాయి.

"పోయాడా?" అన్నాడు ముసలాడు.

"పోయినట్టున్నారు."

అతను కాలు కాస్త ముందుకు జరిపాడు. "కట్టు కట్టేసెయ్యి."

ఆమె కట్టింది. ముడి వంకరగా వచ్చింది. అతను సంచి సర్దుకుని, రేపు వస్తానని గానీ రానని గానీ చెప్పకుండా, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె గోడ వెనక్కి చేరేసరికి ఇక ఆగలేదు. పొద్దున తాగిన టీ దగ్గర్నుంచి అంతా బయటికి వచ్చేసింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అవి వాంతి వల్లో, మనిషి పోయినందుకో తేల్చుకోలేకపోయింది.

ఊతం కోసం గోడ పట్టుకుంటే ఒక ఇటుక కదిలింది. దాని వెనక సందులో చిన్న రేకు డబ్బా ఉంది. మూత చుట్టూ తుప్పు పట్టింది, నడిమధ్య మాత్రం బొటనవేలు పడే చోట నున్నగా అరిగి మెరుస్తోంది. లోపల, చెమ్మకు ఒకదానికొకటి అంటుకుపోయి, నాలుగు పిప్పరమెంటు బిళ్ళలు.