మోహనలో స్పెయిన్ పాట

నా క్లాసుకు ఏడుగురు కావాలి. మూడో వారానికి ఏడుగురు చేరకపోతే కోర్సు రద్దు. మా ఊరి వయోజనుల బడి పెట్టిన నియమం అది. మొదటి మంగళవారం పొద్దున వచ్చింది ఐదుగురు.

కోర్సు పేరు ‘స్పెయిన్: పద్యం, పాట, బొమ్మ’. నేను హైదరాబాద్‌లో స్పానిష్‌లో ఎమ్మే చేశాను. ఆ చదువు కూడు పెడుతుందా అని అప్పట్లో చుట్టాలందరూ అడిగారు. నా భర్త శశికాంత్‌కు వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే అతనితోపాటు నేనూ జర్మనీ వచ్చాను. ఆరేళ్ళు ఇంటికీ, పిల్లల్ని పగలు చూసుకునే కీటాకూ మధ్య తిరిగాను. చిన్నవాడు కూడా బడిలో పడ్డాక, ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగితే దొరికిన ఎనిమిది వారాల కోర్సు ఇది. ఇదీ పోతే ఇక ఎవరినీ ఏమీ అడగకూడదని తీర్మానించుకున్నాను. నా మొండితనం నాకు తెలుసు, నిజంగానే అడగను.

వచ్చినవాళ్ళలో నలుగురు రిటైరైన ఆడవాళ్ళు. ఐదో మనిషి హెర్ లిండావర్, నలభై ఏళ్ళు చర్చిలో ఆర్గన్ వాయించినాయన. ఐరోపా సంగీత చరిత్ర ఆయనకు కొట్టిన పిండి. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌వాళ్ళు గిటారు లాంటి వాద్యం కోసం పాటల పుస్తకాలు అచ్చువేశారని నేను చెబుతుంటే, చెయ్యెత్తి, నేను చెప్పిన సంవత్సరాన్ని రెండేళ్ళు వెనక్కి జరిపాడు. కాసేపటికి ఇంకో తేదీ సరిచేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే నోరు జారాను.

“మాడ్రిడ్ మ్యూజియంలో ఆ కాలపు వంటిళ్ళను గీసిన బొమ్మల ముందు గంటసేపు నిలబడ్డాను,” అన్నాను.

నేను స్పెయిన్‌లో ఏనాడూ కాలు పెట్టలేదు. ఆరేళ్ళుగా మా వేసవి సెలవుల టికెట్లన్నీ హైదరాబాద్‌కే.

తరువాత ఒక పాత కథాగేయం చదివాను. కోట పోగొట్టుకున్న రాజు గోడు అది. నాకే చప్పగా వినిపించింది.

“ఇవి చదివేవి కావు, పాడేవి. దీని వరస ఏమిటి?” అన్నాడు లిండావర్.

వరస పుస్తకంలో లేదు, నా దగ్గర ఉంది. మా తాతయ్య బ్రహ్మయ్య సిద్దిపేట చుట్టుపక్కల పౌరాణిక నాటకాలు ఆడేవాడు. పద్యం నోటికి రావాలంటే ముందు రాగంలో పెట్టాలని నాకు నేర్పింది ఆయనే. ఎమ్మేలో ఈ స్పానిష్ గేయాలన్నీ నేను అలాగే మోహన రాగంలో పెట్టి బట్టీ కొట్టాను. పరీక్షహాల్లో లోలోపల పాడుకుంటూ జవాబులు రాసినదాన్ని. ఇప్పుడు గొంతెత్తి పాడేశాను. చివర తాతయ్యలాగే రాగం తీశాను కూడా. వన్స్‌మోర్ అనేవాళ్ళు లేకపోయారు గానీ, గదిలో అందరూ కుర్చీల్లో ముందుకు జరిగి విన్నారు.

లిండావర్ కళ్ళజోడు తీశాడు. “ఐదే స్వరాలు. ఇది చాలా పాతది. అక్కడే విన్నారా, స్పెయిన్‌లో?”

నేను తలూపాను.

ఆ సాయంత్రం బెండకాయలు తరుగుతున్న శశికాంత్‌కు అంతా చెప్పాను.

“ఆయన అడిగిండు, నువ్వు తలూపినవ్. గంతే గదా,” అన్నాడు. “ఎవ్వలకేం నష్టమైంది?”

“అబద్ధం గదా అది.”

“ముందుగాల ఏడుగురిని జమ చెయ్. కోర్సు నిలబడ్డంక నిజం సంగతి జూసుకోవచ్చు.”

ఆ మాట నాకు నచ్చింది. నచ్చినందుకు సిగ్గేసింది.

రెండో మంగళవారం లిండావర్ తన కోరస్‌లో పాడే స్నేహితులు ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. అక్కడికి సరిగ్గా ఏడుగురు. ఆ పాట మళ్ళీ పాడమని, ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. నేను పాడాను. మొదటిసారి అనుకోకుండా జరిగిందని సర్దిచెప్పుకున్నాను. ఈసారి ఆ సాకు కూడా లేదు.

మూడో మంగళవారం, క్లాసు మొదలైన కాసేపటికి ఆఫీసు నుంచి ఫ్రౌ కెర్న్ వచ్చి తలలు లెక్కపెడుతుందని ముందే ఈమెయిల్ వచ్చింది. ఆమె రాకముందే లిండావర్ అందరికీ తలా ఒక కాగితం పంచాడు. నా పాటను స్వరాల గీతల మీద రాసి, కింద ఆర్గన్‌కు భాగాలు కూడా కట్టాడు. పైన శీర్షిక: కర్త తెలియదు, స్పెయిన్, పదహారో శతాబ్దం.

“మా చర్చి సంగీతకారుల పత్రికకు పంపుతున్నాను. ఏ ఊళ్ళో, ఎవరి నోట విన్నారో చెబితే చాలు,” అన్నాడు, పెన్సిల్ పట్టుకుని.

ఏదో ఒక ఊరి పేరు చెబితే సరిపోయేది. స్పెయిన్ ఊళ్ళ పేర్లు నాకు వంద వచ్చు. ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ కాగితం మీద గమకాలు పట్టుకోవడానికి ఆయన పడిన పాట్లు కనిపిస్తున్నాయి. తాతయ్య సునాయాసంగా జార్చే చోటల్లా చిన్న చిన్న స్వరాలు రాసి, చెరిపి, మళ్ళీ రాశాడు. ఇంత శ్రద్ధగా పనిచేసిన మనిషిని పదిమందిలో నవ్వులపాలు చేయడానికి నాకు మనసొప్పలేదు.

“అది స్పెయిన్‌ది కాదు,” అన్నాను. “మాటలే అక్కడివి. వరస మా తాతయ్యది, మా వైపు నాటకాల్లో పద్యాలు పాడే పద్ధతి. మీరు అడిగినప్పుడు నేను తలూపకుండా ఉండాల్సింది.”

ఆయన ముఖం ఎర్రబడింది. కాగితాన్ని రెండుగా మడిచాడు.

“రెండు వారాలు దీనితోనే కూర్చున్నాను. మా సంఘంలో అందరికీ చెప్పుకున్నాను,” అన్నాడు. లేచి కొక్కేనికున్న కోటు తీసుకున్నాడు. స్నేహితులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని సంచులు అందుకున్నారు.

ఫ్రౌ కెర్న్ అప్పుడే లోపలికి వచ్చింది. వేలితో లెక్కపెట్టి, లిండావర్ దగ్గర ఆగింది. “మీరు ఉన్నట్టా, వెళ్తున్నట్టా?”

ఆయన ఆమె వైపు చూడలేదు. నన్నే చూస్తూ అడిగాడు. “ఇన్నాళ్ళూ మీరు చెప్పిన మిగతాదంతా నిజమేనా?”

అవునంటే ఏడుగురు. కోర్సు నిలబడుతుంది.

“ఇంకొకటి కూడా అబద్ధం,” అన్నాను. “నేను మాడ్రిడ్ వెళ్ళలేదు. అసలు స్పెయినే చూడలేదు. బొమ్మలన్నీ పుస్తకాల్లో చూసినవే. తక్కినదంతా చదివి చెప్పింది, అది నిజం.”

ఇక అయిపోయిందనుకున్నాను. అందరి ముందూ ఏడుపొచ్చింది. ఆపుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

లిండావర్ చేతిలోని కోటును మళ్ళీ కొక్కేనికి తగిలించాడు.

“ఉంటున్నాను, రాసుకోండి,” అన్నాడు ఫ్రౌ కెర్న్‌తో. స్నేహితులు సంచులు కింద పెట్టారు. ఆమె ఏడు అని రాసుకుని వెళ్ళిపోయింది.

ఆయన నా వైపు తిరిగాడు. “నా కోపం పోలేదు. ఇకమీదట మీరు చెప్పే ప్రతి మాటకూ ఏ పుస్తకం, ఏ పేజీ అని అడుగుతాను.”

“అడగండి,” అన్నాను.

ఆరేళ్ళలో ఈ దేశంలో నన్ను అందరూ పిల్లల గురించి అడిగారు, వీసా గురించి అడిగారు, కూరల గురించి అడిగారు. ఏ పేజీ అని ఒక్కరూ అడగలేదు. కళ్ళు తుడుచుకుని పుస్తకం తెరిచాను.