ఇసుక మేట అని రాసిన చోట

నేను ఒక గొలుసుని. గొలుసు అనగానే మెడ తడుముకోకండి, బంగారంతో నాకే చుట్టరికమూ లేదు. గేదెలను కట్టేసే రకాన్నీ కాదు. ఆ మాటకొస్తే కొన్నాళ్లు గేదెనూ కట్టేశారు, ఆ ముచ్చట తర్వాత చెబుతాను. నేను భూమిని కొలిచే సర్వే గొలుసుని. అరవై ఆరు అడుగుల పొడవు, సరిగ్గా వంద లింకులు, రెండు కొసలా ఇత్తడి పిడులు. లెక్క తప్పకుండా పది లింకులకొక ఇత్తడి బిళ్ల. నా పొడవున ఒక పక్క, నా పొడవున ఇంకో పక్క కొలిచి నలుచదరం చేస్తే సరిగ్గా పది సెంట్లు. సెంటు నేల కోసం తలలు పగలగొట్టుకునే జనానికి నేనంటే ఎంత భయభక్తులుండేవో మీరే ఊహించుకోండి.

ఎక్కడో ఉత్తరాది కార్ఖానాలో ఇనుప కడ్డీని ముక్కలు చేసి, కొసలు వంచి, ఒకదానికొకటి తగిలించి నన్ను పుట్టించారు. చెక్కపెట్టెలో పడుకుని గోదావరి సీమలో ఒక తాలూకా కచేరీకి వచ్చాను. పెట్టె తెరిచి నన్ను మొదట పట్టుకున్నవాడు నూకయ్య. ఉద్యోగం పేరు చైన్‌మన్. సర్వేయరు గారు గొడుగు కింద నిలబడి పుస్తకంలో రాసుకుంటారు. నూకయ్య నన్ను ఈడ్చుకుంటూ ముళ్లలోనూ బురదలోనూ నడుస్తాడు. పిడి పట్టీ పట్టీ అతని అరచేతిలో రూపాయి బిళ్లంత కాయ కాసింది.

ఒకే కంచంలో తిని పెరిగిన అన్నదమ్ములు, నేను రెండు లింకులు అటు జరిగితే చాలు, ఒకరి గొంతు ఒకరు పట్టుకునేవారు. నన్ను మాత్రం ఎవరూ తిట్టరు. తిట్లన్నీ నూకయ్యకే. “గొలుసు వదులుగా పట్టావురా!” అని. పచ్చి అబద్ధం! నూకయ్య చేతిలో నేనెప్పుడూ బిగువుగానే ఉన్నాను. ఒక్క రోజు తప్ప.

ఆ రోజు గోదావరి పాయ ఒడ్డున కొలతలు వేస్తున్నాం. సర్వేయరు కామేశం గారు. మంచివారే, లంచం ముట్టరు, లెక్కలో దిట్ట. ఒకటే లోపం, నీళ్లంటే ప్రాణభయం. పాయకు అవతల తుంగలంక. నది మేట వేసి పోసిన నేల, దాని మీద పాతిక పాకలు. ఓట్లు ఇవతలి ఊళ్లో, మనుషులు అవతల. ఆ పాకల్లో ఒకటి నూకయ్య చెల్లెలు రవణమ్మది. ఆరు నెలల కిందటే ఆ పిల్లను సింహాద్రి అనే చేపల వేటగాడికి ఇచ్చి పెళ్లి చేశాడు.

పడవవాడు రాలేదు. కామేశం గారు నీళ్లవైపు చూసి, ఆకాశంవైపు చూసి, పుస్తకం తెరిచారు.

“అవతలేముందిరా నూకయ్యా?”

“ఆయ్, పొగ లేత్తందండీ. మనుసులున్నారండీ.”

“పుచ్చపాదులు వేసుకునే వాళ్లెవరో అయ్యుంటారు. వేసవి పోతే వాళ్లూ పోతారు. ఈ మాత్రానికి పాయ దాటాలా?” అంటూ ఆయన రెండు మాటలు రాశారు. ఇసుక మేట.

నూకయ్య నోరు తెరిచాడు. మా చెల్లి అక్కడే ఉందండీ అనబోయాడు, నాకు తెలుసు, పిడి పట్టుకుని అవతలి పాకలవైపే చూస్తున్నాడు. ఉద్యోగం కొత్త, అయ్యగారు పెద్దవారు. నోరు మూసుకున్నాడు. ఆ క్షణాన అతని చేతిలో నేను జారి నేల మీద పడ్డాను. చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది.

ఆ రెండు మాటలూ పుస్తకం నుంచి పటంలోకి వెళ్లాయి. పటం నుంచి పెద్ద పటంలోకి. తర్వాత వచ్చినవాళ్లు పాతదాన్ని చూసి కొత్తది రాసుకున్నారు. మనుషుల్లో నాకు అంతుపట్టని గుణం ఇదే, కళ్లతో చూసినదానికంటే కాగితం మీద చదివినదాన్ని ఎక్కువ నమ్ముతారు.

పదేళ్లకు పెద్ద వరద వచ్చింది. ఊళ్ల జాబితా పట్టుకుని పడవలు బయలుదేరాయి. జాబితాలో ఉన్న ప్రతి లంకకూ వెళ్లాయి. తుంగలంకకు వెళ్లలేదు. ఇసుకకు పడవెందుకు? జనం మెరక దిబ్బ మీద తాటిచెట్లను కావిలించుకుని రెండు రోజులున్నారు. రెండో రోజు పొద్దున సింహాద్రి, “పడవని నేనే పిలుచుకొత్తాను” అని నీళ్లలో దూకాడు. మళ్లీ రాలేదు.

నీళ్లు తీశాక నూకయ్య పరుగున వెళ్లాడు. రవణమ్మ ఏడవలేదు. అన్న మొహంలోకి చూసి ఒక్క మాట అడిగింది.

“అన్నయ్యా, పడవెందుకు రాలేదు?”

నూకయ్య దగ్గర జవాబు ఉంది, చెప్పే ధైర్యం లేదు. ఆ తర్వాత పండగకీ పబ్బానికీ చెల్లెలింటికి వెళ్లేవాడు గానీ, గుమ్మంలో కూర్చుని చేతులు చూసుకునేవాడు. పటంలో ఆ రెండు మాటలూ దిద్దమని ఎందరి కాళ్లావేళ్లా పడ్డాడో లెక్కలేదు. అర్జీ ఇచ్చిన ప్రతిచోటా ఒకటే సమాధానం: “రికార్డులో ఇసుక మేట అనే ఉందయ్యా.” తను నోరు మూసుకుని రాయనిచ్చిన అబద్ధమే తనకు సాక్ష్యంగా చూపిస్తుంటే అతనేం మాట్లాడగలడు!

ఈలోగా టేపులొచ్చాయి, తర్వాత కాళ్ల మీద నిలబడే యంత్రాలొచ్చాయి. నన్ను తుక్కులో పడేశారు. ఉద్యోగం దిగిపోయే రోజున నూకయ్య అందరినీ బతిమాలి నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. అక్కడ నా పని గేదెను కట్టేయడం. ఎన్ని వేల ఎకరాలు కొలిచానో, ఆ గేదె గడ్డి మేసిన వలయం తప్ప నాకిప్పుడు రాజ్యం లేదు. నవ్వుకోండి, నేనూ నవ్వుకున్నాను.

నూకయ్యకు ఎనభై దాటాయి. కూతురి కూతురు హైమావతి హైస్కూల్లో సోషల్ టీచరు, తాత దగ్గరే ఉంటుంది. ఆదివారం వస్తే చాలు, అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఏదో గీస్తూ ఉంటుంది. నేను పక్కనే గుంజకు చుట్టుకుని వింటున్నాను.

“ఏం గీత్తన్నావే అమ్మలూ?”

“పటం తాతా. ఇది ఆకాశం నుంచి తీసిన ఫొటో. ఇందులో కనిపించే ఇళ్లూ దారులూ చూసి మేం గీస్తాం. వరదలూ తుపానులూ వచ్చే చోట్ల పటాలే సరిగ్గా లేవు కదా, అందుకని. దేశదేశాల వాళ్లు గీస్తున్నారు.”

“ఎవరి ఉత్తర్వు?”

“ఎవరిదీ కాదు. ఇష్టమైనవాళ్లు గీస్తారు. ఈ పటం ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చు.”

నూకయ్య చుట్ట చేతిలోనే ఆరిపోయింది.

“దిద్దొచ్చా?”

“దిద్దొచ్చు తాతా.”

“తాసిల్దారు గారి సంతకం అక్కర్లేకుండానే?”

“ఆధారం ఉంటే చాలు.”

“తుంగలంక సూపించు.” అతని గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆ చోట పేరు లేదు. కానీ గోధుమరంగు నలుచదరాలు చుట్టూ గీతలతో వరుసగా ఉన్నాయి. ఎవరో అప్పటికే గీశారు. ఎవరని హైమ చూస్తే, సముద్రాల అవతల పెరూ దేశంలో ఉండే ఒకావిడ. నూకయ్య నోరెళ్లబెట్టాడు. “ఆవిడకి మన లంకతో పనేంటే?” “ఏ పనీ లేదు తాతా.” ముప్పై ఏళ్లు ప్రతి అడుగుకూ ఉత్తర్వు చూసి నడిచిన నాకు ఆ మాట గుండెలో దిగింది. ఏ పనీ లేకుండానే!

హైమ ఫోన్‌లో రవణమ్మను పిలిచి ఒక్కో ఇంటి గుర్తూ అడిగింది. పటంలో మొత్తం ముప్పై నాలుగు ఉన్నాయి. రవణమ్మ కాసేపు లెక్కపెట్టుకుని ఫకాలున నవ్వింది. “ముప్పైయే! ఆ నాలుగూ ఇళ్లు కాదే పిల్లా, గడ్డిమేట్లు! గేదెలకి ఇళ్లు కట్టించిందా ఆ గీసినావిడ?” పాపం, పెరూ ఆవిడకేం తెలుసు, పైనుంచి చూస్తే గడ్డిమేటూ తాటాకు పాకా ఒకేలా ఉంటాయి. ఒక పెద్దమనిషి మనుషులుండే చోటును ఇసుక మేట చేశాడు. ఈవిడ గడ్డిమేటులోనూ మనుషులున్నారేమో అనుకుంది. ఈ రెండు తప్పుల్లో నాకేది ముద్దొచ్చిందో చెప్పక్కర్లేదు కదా.

నాలుగూ తీసేశారు. అయినా నూకయ్యకు తృప్తి లేదు. “కొలవకుండా రాయకూడదు” అన్నాడు. మరుసటి ఆదివారం గేదె మెడలోంచి నన్ను విప్పి, చింతపండుతో తోమి, భుజాన వేసుకుని పడవెక్కాడు. హైమ పక్కనే ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఎప్పుడో దాటవలసిన పాయను నేను యాభై ఏళ్లు ఆలస్యంగా దాటాను.

రేవు దగ్గర ఒక పిడి హైమ పట్టుకుంది, రెండోది నూకయ్య. ముసలాయన వంగి వంగి నడుస్తూ రేవు నుంచి మెరక దిబ్బ మీది తాటిచెట్టు దాకా నన్ను పరిచాడు. నేను ప్రాణం బిగబట్టి బిగువుగా నిలబడ్డాను. నాలుగు గొలుసుల ఇరవై లింకులు. హైమ మీటర్లలోకి మార్చి చూసింది. ఎనభై నాలుగున్నర. పెరూ ఆవిడ గీసిన దారి ఎంతని ఫోన్‌లో చూసింది. ఎనభై నాలుగు మీటర్లు.

అరమీటరు తేడా! ఈ మట్టి తొక్కలేదు, ఈ పాయ చూడలేదు, ఈ భాష వినలేదు. ఎక్కడో తన ఇంట్లో కూర్చుని, మా రవణమ్మ లంక రేవు నుంచి దిబ్బ దాకా ఉన్న కాలిబాటను అరమీటరు తేడాతో గీసింది. నా వంద లింకులూ ఝల్లుమన్నాయి. కొలత అంటే నాదే అని మిడిసిపడ్డ రోజులు గుర్తొచ్చి తల వంచుకున్నాను, గొలుసుకు తలంటూ ఉంటే.

హైమ రేవు పెట్టింది, దిబ్బ పెట్టింది, పైన పేరు రాసింది. తుంగలంక. నూకయ్య ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు. కాయ కాసిన చేతికి అద్దం నునుపు ఎలా తగిలిందో గానీ, చాలాసేపు తియ్యలేదు. అప్పుడు చెప్పాడు, కొలత చూడవచ్చి పక్కనే నిలబడ్డ చెల్లెలికి, ఆ రోజు ఒడ్డున జరిగినదంతా. రవణమ్మ విన్నది. వెళ్లేటప్పుడు, “ఆ గొలుసు ఇక్కడ ఉంచెయ్, పడవ కట్టుకోటానికి పనికొత్తది” అంది. దిబ్బ మీది తాటిచెట్టుకు నన్ను చుట్టేసి నూకయ్య వెళ్లిపోయాడు.

రెండేళ్లకు మళ్లీ వరద. బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. తెల్లారేసరికి రేవు మునిగింది, ఎండెక్కేసరికి పాకల్లోకి నీళ్లు. జనం దిబ్బ మీదికి చేరారు. రవణమ్మ నన్ను చుట్టిన చెట్టుకే ఆనుకుని కూర్చుంది, సింహాద్రి దూకిన వైపు చూస్తూ. “రాదు” అంది తనలో తను. “పడవ రాదు.” ఎర్రనీళ్లు నా కొస పిడిని తాకాయి. నాకూ భయమేసింది, ఎందుకు దాచాలి!

అప్పుడు ఇంజను మోత. నారింజరంగు పడవ, అందులో ఆరుగురు సహాయ దళం కుర్రాళ్లు. ముందున్నవాడి చేతిలో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన పటం. వాళ్లు అటూ ఇటూ వెతకలేదు. మునిగిన రేవు మీదుగా, కాలిబాట ఉన్న వరుసలోనే, తిన్నగా దిబ్బకు వచ్చారు.

“అమ్మా, తుంగలంక ఇదేనా? ముప్పై ఇళ్లు ఉండాలి, అందరూ ఉన్నారా?”

రవణమ్మ లేచి నిలబడింది. బయటివాళ్లు ఆ పేరుతో పిలవడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ముందున్నవాడు పడవ తాడును నా పిడికి ముడి వేశాడు. వరద ఈడ్చింది. వంద లింకులూ విరిగిపోతాయేమోనన్నంతగా ఈడ్చింది. నేను వదల్లేదు. పిల్లలు ఎక్కారు, బాలింత ఎక్కింది, ముసలివాళ్లు ఎక్కారు. నాలుగు విడతలు తిరిగింది పడవ. చివరి విడతలో, చివరి మనిషిగా రవణమ్మ. ఎక్కబోతూ ఆగి, కొంగులోంచి ఫోన్ తీసింది. అవతల నూకయ్య “చెల్లీ, చెల్లీ” అంటున్నాడు.

“అన్నయ్యా,” అంది రవణమ్మ, “పడవొచ్చింది.”

ఫోన్‌లో ముసలాయన వెక్కివెక్కి ఏడవడం నాకు వినిపించింది. యాభై ఏళ్లలో అతను ఏడవగా విన్నది అదొక్కసారే.

ఇప్పుడు నూకయ్య లేడు. నేను ఇంకా ఈ చెట్టుకే ఉన్నాను. పదమూడు లింకులు తుప్పు తినేసింది, కొలతకు పనికిరాను. మొన్న హైమ వచ్చి నా పక్కన నిలబడి, ఫోన్‌లో ఈ చోట ఒక చుక్క పెట్టి, కింద ‘పడవ కట్టే గొలుసు’ అని రాసింది. జీవితమంతా ఊళ్లకు గీతలు కొలిచి ఇచ్చిన నాకు పటంలో చోటు దొరుకుతుందని ఎన్నడూ అనుకోలేదు. పెరూ ఆవిడ ఎప్పుడైనా చూస్తే బాగుండు. ఇది మాత్రం గడ్డిమేటు కాదమ్మా, నేనే.