పచ్చని అడవికి నా సాక్ష్యం

నా అక్షరదోషాలను క్షమించండి. భర్త పోయాక, అరవై దాటాక చదువు మొదలుపెట్టినదాన్ని. ఒక్కో వాక్యానికి అన్నం ఉడికేంత సేపు పడుతుంది. అలాంటి నేను రాసిన మొట్టమొదటి కాగితం నా స్నేహితురాలు థోవాను నిండా ముంచింది.

యుద్ధకాలంలో మేమిద్దరం త్రువాంగ్ సోన్ కొండల్లో రోడ్లు వేసే దళంలో పనిచేశాం. శత్రు విమానాలు ఆకులు రాల్చే విషమందు చల్లిన అడవి అది. ఇప్పుడు థోవాకు చక్కెర వ్యాధి, కాళ్ళు మొద్దుబారాయి. ఆ మందు సోకినవాళ్ళకు ప్రభుత్వమిచ్చే భృతి, ఆసుపత్రి కార్డు వస్తే తప్ప వైద్యం జరగదు. దళం కాగితాలు బాంబుల్లో కాలిపోయాయి కనుక తోటి సభ్యురాలి సాక్ష్యం కావాలన్నారు. నేను రాసిచ్చాను.

జిల్లా కార్యాలయం తిరస్కరించింది. సాక్షి మాట ప్రకారం అడవి పచ్చగా ఉంది, అర్జీ పెట్టినావిడ ఆరోగ్యంగా ఉంది అని.

థోవా కర్ర టకటకలాడించుకుంటూ మా ఇంటికొచ్చింది.

"ఏమే లువా, నా గురించి ఏం రాశావే?"

"గొప్పగానే రాశానక్కా. 'కామ్రేడ్ థోవా ఏనాడూ జ్వరమని పడుకోలేదు. పచ్చని అడవిలో నవ్వుతూ రాళ్ళు మోసింది' అని."

"నాకు పతకం ఇప్పించమన్నానా? రోగం ఇప్పించమన్నాను కదే!"

మా దళం నివేదికల్లో ఎవరికీ జబ్బు చేసేది కాదు, ఎవరూ ఏడ్చేవారు కాదు. వాటిని మైకులో వినీ వినీ, రాయడమంటే అదేననుకున్నాను.

అప్పీలుకు ఇద్దరం వెళ్ళాం. అధికారి హావ్ మా మనవడి ఈడువాడు.

"పెద్దమ్మా, అప్పుడు పచ్చగా ఉందన్నారు, ఇప్పుడు ఆకులన్నీ రాలాయంటున్నారు. ఏది నమ్మను?"

"ఇప్పటిది నమ్ము నాయనా. అప్పటిది సిగ్గుపడి రాశాను."

"ఇందులో సిగ్గేముంది?"

థోవా కర్రతో నా పాదం పొడిచింది. చెప్పక తప్పలేదు.

"మందు మంచులా దిగేది. ముక్కుకు తడి తువ్వాలు కట్టుకోమన్నారు. వాగు చూస్తే దూరం."

"మరి దేంతో తడిపారు?"

"చాటుకెళ్ళి... ఎవరి నీళ్ళతో వాళ్ళం."

హావ్ చెవులు ఎర్రబడ్డాయి. థోవా అందుకుంది: "అదీ ఈవిడకు రాలేదు బాబూ! భయంతో బిగుసుకుపోయింది. నా తడి తువ్వాలే ఈవిడ ముక్కుకు కట్టాను."

దేశం కోసం ప్రాణమిస్తానని ప్రమాణం చేసినదాన్ని, ఆ కాసిన్ని నీళ్ళు ఇవ్వలేకపోయాను.

హావ్ థోవా వైపు తిరిగాడు. "అయితే మీ ముక్కుకేం కట్టుకున్నారు, పెద్దమ్మా?"

"ఏముంది కట్టుకోవడానికి? చేత్తో మూసుకున్నా. ఎంతసేపని మూసుకుంటాం?"

ఆ మాటే నా చేత్తో రాసివ్వమన్నాడు. మధ్యాహ్నం భోజనానికి కార్యాలయం మూసే వేళైంది. పాపం, బల్ల మీద తల వాల్చి కునుకు తీసి లేచాడు. నేనింకా ముక్కు దగ్గరే ఉన్నాను.

కొత్త ఏడాది టెట్ పండుగకు ముందు థోవాకు కార్డు వచ్చింది. థోవా నా సాక్ష్యం నకలు చదివించుకుని పెదవి విరిచింది.

"ఈసారి మరీ బాగా రాశావే. వింటుంటే ఇంకా ఎలా బతికున్నానా అనిపిస్తోంది."

దోన్ థి లువా, డెబ్బై ఒక్క ఏళ్ళు. థాయ్ బిన్‌లో, సముద్రం ఒడ్డున, కూతురింట్లో ఉంటున్నాను.