పెళ్లికొడుకు స్నానం ఎవరిది

జిలాలీ అంటే నాకు పడదు. దాచుకోవడానికేముంది, మక్నాస్ పాతబస్తీలో మా హమ్మాంకి, అంటే ఊరందరి ఆవిరి స్నానాలశాలకి, వచ్చే మగాళ్లందరికీ తెలిసిన సంగతే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇక్కడ ఒళ్లు తోముతున్నాను. కబ్బూర్ చెయ్యి పడితే పాత చర్మం వత్తులు వత్తులుగా ఊడొస్తుందని పేరు. వాడూ తోమేవాడే, మొన్న ఆలివ్ కాయలు కోసే రోజుల్లో ఉజ్దా నుంచి ఊడిపడ్డాడు. ఆర్నెల్లు తిరక్కుండానే నా దగ్గర తోమించుకునే వాళ్లంతా ఒక్కొక్కరే వాడి రాతి అరుగు మీదికి చేరారు. నాతో ఒక్క మాటైనా అనరు, చూపు తప్పించుకుని అటు పోతారు.

ఎవరు పోయినా ఓర్చుకున్నాను గానీ, తిహామీ కూడా పోయాడు చూడండి, అక్కడ ప్రాణం ఉసూరుమంది. తిహామీ తోలు చెప్పులు కుడతాడు. అతని పెళ్లినాటి స్నానం చేయించింది నేనే. ప్రతి గురువారం నా అరుగు మీదే పడుకునేవాడు. ఇప్పుడు జిలాలీ ముందు బోర్లా పడుకుని, కళ్లు మూసుకుని హాయిగా నవ్వుకుంటాడు. నా ఎదురుగానే నా పెళ్లాం ఇంకొకడికి కొసరి కొసరి వడ్డిస్తున్నట్టు ఉండేది నాకు.

పైగా వచ్చే బుధవారం తిహామీ కొడుకు జవాద్‌కి పెళ్లికొడుకు స్నానం. కొవ్వొత్తులు, డోలు, వీధిలో కుర్రకారంతా వస్తారు. ఆ స్నానం చేయించినవాడి పేరు పదేళ్లపాటు చెప్పుకుంటారు. అది నా హక్కు. అదీ జిలాలీ గాడి చేతికి పోతే ఇక ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం తొక్కను?

మాకో పద్ధతుంది. బొడ్డు నుంచి మోకాళ్ల దాకా తోమేవాడి చెయ్యి పోదు. మిగతా ఒళ్లంతా అయ్యాక, గరుకు గుడ్డతో కుట్టిన చేతితొడుగు, మేం కీసా అంటాం, అది ఆ మనిషికే ఇచ్చేసి గోడవైపు తిరిగి "మిగతాది నీది" అంటాం. నేనైతే అక్కడితో ఆగను. దాని మీద ఇంత నల్లసబ్బు వేసి, "సిగ్గుపడకు, గట్టిగా తోము, చుర్రుమంటేనే శుభ్రమైనట్టు" అని దగ్గరుండి మరీ చెప్తాను.

జిలాలీ అలా చెయ్యడు. కీసా తన దగ్గరే ఉంచుకుంటాడు. గోరువెచ్చని నీళ్ల బకెట్టు ముందుపెట్టి, వచ్చినవాళ్ల చెవిలో ఏదో ఊదుతాడు. వాళ్లు తలూపుతారు. నా గురించే చాడీలు చెప్తున్నాడు, ఇంకేముంటుంది అనుకున్నాను. ఓ రోజు స్తంభం చాటున నిలబడి చెవులు రిక్కించాను కూడా. నీళ్ల చప్పుడులో ఒక్క ముక్క వినబడితే ఒట్టు.

ఇక ఆగలేక తిహామీ దుకాణానికి పోయాను. పుదీనా టీ తెప్పించాడు. ముట్టుకోలేదు.

"అబ్బాయి స్నానం ఎవరు చేయిస్తున్నారు?"

సూది తోలులోనే ఉంచేశాడు. "ఇంకా అనుకోలేదు కబ్బూర్."

"అనుకోవడానికేముంది? నీకు చేయించిందెవరు? అసలు మీ అందరికీ వాడేం మందు పెట్టాడయ్యా?"

"మందు కాదు."

"మరి?"

లేచి తలుపు దగ్గరగా వేసి, నా పక్కన కూర్చున్నాడు. "తప్పుగా అనుకోకు. నాకు కింద, అక్కడ, చర్మం ఎండిపోయి చిట్లేది. రెండేళ్లు అవస్థ పడ్డాను. గురువారం నీ దగ్గర స్నానం చేస్తే సోమవారం దాకా కాళ్లు ముడుచుకుని కూర్చోలేను. నా పనేమో పొద్దస్తమానం కూర్చునేది. ఇంట్లో వేరే పరుపు వేసుకున్నా. ఎవర్నో మరిగానని రఖియా నెలరోజులు నాతో మాట్లాడలేదు."

రఖియా ఇతని పెళ్లాం. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? అంత ప్రేమగా సబ్బు వేసి ఇస్తావు. జిలాలీ నా నడక చూసి తనే అడిగాడు. ఒకప్పుడు వాడికీ అయిందట, డాక్టరు చీవాట్లు పెట్టాడట. అది మడమ కాదు, అక్కడి చర్మం పల్చన, కీసా తగలకూడదు, నల్లసబ్బు అసలే వద్దు అని. గోరువెచ్చని నీళ్లు, ఉత్త చెయ్యి చాలు. గుడ్డతో రుద్దకుండా అద్దుకుని, వాసన లేని లేపనం కాస్త రాయాలి. వదులుగా ఉండే నూలు లోదుస్తులే వేసుకోవాలి. మూడు వారాల్లో తగ్గింది. తగ్గకపోతే దాచుకోకుండా డాక్టరుకి చూపించుకోమన్నాడు."

నిజం చెప్పాలంటే నాకు ముందు సిగ్గనిపించలేదు. కుళ్లుకున్నాను. ఇన్నేళ్లు నా చేతుల కింద పడుకున్న మనిషి ఆ మాట వాడితో చెప్పాడు, నాతో చెప్పలేదు. తర్వాత ఇంకోటి తట్టింది. ఆ చిట్లడం, ఆ దురద నాకూ ఉన్నాయి. పొద్దంతా ఆవిర్లో తడి నైలాన్ నిక్కరుతో ఉంటాను, ఇంటికెళ్లే ముందు అందరికంటే గట్టిగా తోముకుంటాను. మగాడై పుట్టాక ఇది ఉండేదేలే అనుకున్నాను.

"స్నానం నువ్వే చేయించు," అన్నాడు తిహామీ చివరికి. "నాకు చేయించినవాడివి. కానీ వాడికి కీసా ఇవ్వకు. పెళ్లి ముందు వాడికా బాధ వద్దు."

బుధవారం మధ్యాహ్నం హమ్మాం కిటకిటలాడింది. జవాద్‌ని వేలి సందులతో సహా తోమాను. కీసా పెళ్లికొడుకు చేతికి మారగానే డోలు మొదలవ్వాలి, అది ఆనవాయితీ. డోలువాడు చెయ్యెత్తి నా వంకే చూస్తున్నాడు. నేను కీసా నా మొలలో దోపుకుని బకెట్టు ముందుకి తోశాను.

"ఉత్త చేత్తో కడుక్కో నాయనా. సబ్బొద్దు. తర్వాత రుద్దకు, అద్దుకో."

డోలు మోగలేదు. అందరూ బిత్తరపోయి చూస్తున్నారు. జవాద్ మాత్రం గట్టిగా ఊపిరి వదిలాడు. "హమ్మయ్య, బాబాయ్. కీసా ఇస్తావేమోనని హడలి చచ్చాను. జిలాలీ అన్న కూడా అచ్చం ఇదే మాట చెప్పాడు."

అంతే, కుర్రాళ్లు జిలాలీ, జిలాలీ అని చప్పట్లు అందుకున్నారు. డోలువాడు ఆ పేరుకే దరువు కలిపాడు. స్నానం నేను చేయిస్తే, పేరు వాడిది.

బట్టలు మార్చుకునే గదిలోకొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాను. జిలాలీ ఖాళీ బకెట్లతో అటే వచ్చాడు. ఎందుకు నోరు జారానో తెలీదు.

"నాకూ ఉందిరా అది."

"తెలుసు అన్నా. నేనొచ్చిన మొదటివారమే నీ నడక చూసి తెలిసింది."

"మరి ఊరందరి చెవుల్లో ఊదావు. నా ఒక్కడికీ చెప్పలేదేం?"

బకెట్లు కిందపెట్టాడు. "చెబితే కొట్టేవాడివి."

కొట్టేవాణ్ణే. అది కూడా నాకంటే ముందు వాడికే తెలిసింది.