ఒత్తుల్లేని పేరు

కొత్త కంపైలర్ ఒక సీడీలో వచ్చింది. నవత దాన్ని అంచుల దగ్గర పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. ఎండ తగిలి గోడ మీద ఏడు రంగులు గంతులేశాయి. పెళ్లయి మూడు నెలలు. ఈమధ్య ఆమెకు ప్రతిదీ తనకోసమే వచ్చినట్టుంటోంది. నారాయణగూడలో వాళ్ల కిరాయింటి మెట్ల మీద పడే నీరెండ, చిక్కడపల్లి సందు మొదట్లో మల్లెపూల బండి, భానుప్రకాశ్ చొక్కాకు తను కుట్టిన రంగు కలవని బొత్తాం. ఇప్పుడు ఈ సీడీ.

వాళ్లిద్దరూ పనిచేసే ఆఫీసు చిక్కడపల్లిలో, చీరల కొట్టు పైన మూడు గదులు. పెళ్లికార్డులు వేసే ప్రెస్సులకు సాఫ్ట్‌వేర్ అమ్మాలన్నది యజమాని జగదీశ్వర్ గారి పట్టుదల. కార్డు తెర మీదే తయారు కావాలి. అందుకు గీతలు గీసి, వంపులు తిప్పి, రంగులు నింపి, తెలుగు అక్షరాలు వేసే గ్రాఫిక్స్ లైబ్రరీ ఒకటి ఉండాలి. దాన్ని విండోస్‌కు ముందటి డాస్‌లో, ప్రోగ్రాంను కంప్యూటర్ భాషలోకి మార్చే పాత కంపైలర్‌తో, రెండేళ్లు కూర్చుని రాసింది నవత. భానుప్రకాశ్ దాని మీద మెనూలు కట్టేవాడు. అలా పరిచయం, అలాగే పెళ్లి. హాజరుపట్టీలో మాత్రం ఆమె పేరు పక్కన ఇంకా ట్రెయినీ అనే ఉంది.

ప్రెస్సులవాళ్లు ఇప్పుడు విండోస్ కావాలంటున్నారు. జగదీశ్వర్ గారు బ్యాగు సర్దుకుంటూ ఇద్దరినీ పిలిచారు.

"నేను విజయవాడ పోతున్న. గురువారం పొద్దుగాల్నే ఆడి పెద్ద ప్రెస్సు ఓనరు బుచ్చిబాబు గారిని తీస్కొని వస్త. ఆయన తీస్కుంటే ఇంకో పది ప్రెస్సులు తీస్కుంటయ్. అప్పటికి లైబ్రరీ కొత్త కంపైలర్ల నడవాలె. ఎవరు నడిపిస్తరో నాకు తెల్వది, నడిపించినోళ్లను గ్రాఫిక్స్‌కు ఇన్‌చార్జ్ చేస్త. ఇది మాట."

"ఈమె చూస్కుంటది సార్," అన్నాడు భానుప్రకాశ్. "నాకు మెనూల పనే మస్తుంది."

ఆ మాటకే ఆమె మనసు నిండిపోయింది.

కొత్త కంపైలర్ వట్టి కంపైలర్ కాదు. ప్రోగ్రాం రాయడం, బిల్డ్ అంటే దాన్ని కట్టడం, తప్పులు వెతకడం అంతా తెర మీద ఒకే కిటికీలో. భాషలోని మాటలు టైపు చేయగానే నీలంగా మారిపోయేవి. కింద కనిపించే తప్పు మీద రెండుసార్లు నొక్కితే చాలు, అది ఉన్న వరుసకు తీసుకెళ్లి నిలబెట్టేది. మొదటిసారి బిల్డ్ చేస్తే మూడు వందల పన్నెండు తప్పులు. భర్తను పిలిచి మరీ చూపించింది.

"గిన్ని తప్పులకు గంత సంబురమేంది?" అన్నాడు.

"ఒక్కొక్కటి ఏడుందో అదే చెప్తుంది చూడు. నువ్వెప్పుడన్న నీ తప్పు చెప్పినవా?"

కొత్త కంపైలర్‌ను వివరించే లావుపాటి పుస్తకం కోసం సాయంత్రం ఇద్దరూ పోటీ పరీక్షల పుస్తకాలకు పేరుపడ్డ అశోక్ నగర్ పోయారు. పాత పుస్తకాల కొట్టాయన తలెత్తకుండానే అడిగాడు.

"గ్రూప్ వన్నా, గ్రూప్ టూనా అక్కా?"

"అవి కాదన్న. సి ప్లస్ ప్లస్."

"అది ఏ పేపర్ల వస్తది?"

ఇద్దరూ ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చారు. పుస్తకం దొరకలేదు. సగం మిర్చి బజ్జీ తను తిని సగం ఆమె చేతిలో పెట్టాడు. ఆ రోజుకు అది చాలనిపించింది ఆమెకు.

సోమవారానికి తప్పులన్నీ పోయాయి. పాత లైబ్రరీ నేరుగా తెర మీద గీసేది, విండోస్ దాన్ని ఒప్పుకోదు. అందుకని బొమ్మంతా మెమరీలో గీసి, పూర్తయ్యాక విండోస్ చేతికి ఇచ్చేలా మార్చింది. గీతలు వచ్చాయి, వలయాలు వచ్చాయి. అక్షరాలు మాత్రం తుమ్మకంపలా వచ్చాయి. 'అ' అని అడిగితే తెర ఈ మూల నుంచి ఆ మూలకు ముళ్లు.

మంగళవారం పొద్దున అన్నం పొంగి స్టవ్ ఆరిపోయింది. పుట్టింట్లో లాగే రెండు గ్లాసుల బియ్యం పోసింది. కానీ ఇక్కడి గ్లాసు ఆడబిడ్డ విద్యావతి ఇచ్చినది, పుట్టింటి గ్లాసుకు రెట్టింపు. మూత తీసి చూస్తూ నవత అలాగే నిలబడిపోయింది. లెక్క అదే రెండు. కొలతే మారింది.

పాత కంపైలర్‌లో ఒక అంకె రెండు బైట్లు. కొత్తదానిలో నాలుగు. అక్షరాల వంపులన్నీ పాత కొలతతో ఫైల్లో దాచి ఉన్నాయి. కొత్త ప్రోగ్రాం రెండేసి అంకెల్ని కలిపి ఒకటిగా మింగుతోంది.

ఆఫీసుకు దాదాపు పరుగెత్తింది. ఫైలు చదివేచోట అంకెల్ని పాత కొలతకు మార్చింది. మార్చాల్సింది ఆరు చోట్ల. బిల్డ్ నొక్కింది. అక్షరాలు గుండ్రంగా, తలకట్టుతో, బుద్ధిగా వచ్చి నిలబడ్డాయి.

అన్నీ సరిగ్గా వస్తున్నాయో లేదో చూడ్డానికి ఏదైనా మాట రాయాలి. తన పేరు రాయబోయి ఆగింది. నవత. ఒత్తుల్లేవు, దీర్ఘాల్లేవు. ఆ పేరుతో ఏం తేలుతుంది? భానుప్రకాశ్‌లో అన్నీ ఉన్నాయి. భకారం కింద ఒత్తు, పకారానికి చుట్టుకున్న రేఫం, చివర పొల్లు. ఆ పేరు సరిగ్గా వస్తే ఏ పెళ్లికార్డయినా వస్తుంది.

అది రాస్తుంటే పెళ్లిలో గడప గుర్తొచ్చింది. విద్యావతి గుమ్మానికి చెయ్యి అడ్డంపెట్టి, "పేర్లు చెప్పి లోపటికి రాండ్రి," అంది. నవత గుక్క తిప్పుకోకుండా భర్త పేరు చెప్పేసింది. అతని వంతు వచ్చేసరికి చెవులదాకా ఎర్రబడి, "ఈమె... మా ఆమె," అని నసిగి, అక్క చేతి కింద నుంచి దూరి లోపలికి పోయాడు. అందరూ పడీపడీ నవ్వారు. అంత సిగ్గున్నవాడు తనకు మొగుడైనందుకు నవత మురిసిపోయింది.

ప్రోగ్రాం తెరవగానే కలశం బొమ్మ కింద ఎర్రటి అక్షరాల్లో అతని పేరు వచ్చేలా పెట్టింది. చూపిస్తే అతను తెరనూ ఆమెనూ మార్చిమార్చి చూశాడు.

"తీసేస్తవా మల్ల?"

"తియ్య. ఉండనీ, మంచిగుంది," అంది.

గురువారం పదింటికి బుచ్చిబాబు గారు వచ్చారు. జగదీశ్వర్ గారు కుర్చీ వేయించారు. మెనూలు చూపించేది భానుప్రకాశే కాబట్టి మౌస్ అతని చేతిలో ఉంది. నవత వెనక నిలబడింది. కలశం వచ్చింది, కింద పేరు వచ్చింది. కార్డు వచ్చింది. అంచున లతలు, మధ్యలో వధూవరుల పేర్లు, ఒత్తులన్నీ ఎక్కడివక్కడే.

బుచ్చిబాబు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అక్షరం బాగా దిద్దారండీ. సీసపు అచ్చుల మీద పెరిగినవాణ్ణి, ఊరికే అనను. భానుప్రకాశ్ అంటే మీరేనా?"

"నేనే సార్."

"ఇవన్నీ మీరే గీశారా?"

నవత మెడ వంచి భర్త చెవి వైపు చూసింది. అది ఎర్రబడుతోంది. చెప్పబోతున్నాడని అనుకుంది. సిగ్గు, అంతే. ఒక్క క్షణం పడుతుంది.

"లైబ్రరీ పాతదే సార్. కొత్త కంపైలర్ల చేసినం," అన్నాడు.

"చేసినం ఏంది, నీ పేరే ఉంది గద మీద," అని జగదీశ్వర్ గారు అతని భుజం తట్టారు. "మావోడు సార్. మాటిచ్చిన, ఇయ్యాల్టి నుంచి గ్రాఫిక్స్‌కు ఈయనే ఇన్‌చార్జ్. నవతమ్మా, నువ్వు కూడా ఈయనకు జర హెల్ప్ చెయ్యి. ఇంట్ల ఎట్లయినా చేస్తవ్ గద."

బుచ్చిబాబు గారు నవ్వారు. నవత నోరు తెరిచింది. ఆ పేరు పెట్టింది తన చెయ్యే. ఇంతమంది ముందు, నవ్వుతున్న ఆయన ముందు, మూడు నెలల మొగుణ్ణి అబద్ధికుణ్ణి చేయాలి. అందరికీ టీ వచ్చింది. ఆమె కప్పు తీసుకుంది.

సాయంత్రం దారిలో మల్లెపూల బండి దగ్గర అతనే ఆగాడు. రెండు మూరలు కొన్నాడు.

"నేను పెట్టుకున్ననా పేరు? నువ్వే పెట్టినవ్."

"అవును."

"మధ్యల ఆయన్ని ఆపి చెప్తే మంచిగుండదు. ఎవరికొచ్చినా ఒకటే గద. మన ఇంట్లకే వచ్చింది."

నవత అందుకుని ముందు నడిచింది. పూలు పొట్లంలోనే ఉంచింది. ఇంటి మెట్లెక్కి తాళం తీసి, తను లోపల నిలబడి గుమ్మానికి చెయ్యి అడ్డంపెట్టింది.

"పేరు చెప్పి రా."

"గిదేంది?"

"లైబ్రరీ రాసినామె పేరు."

అతను మెట్ల వైపు చూశాడు. కింది వాటావాళ్ల తలుపు మూసి ఉంది. పైనా ఎవరూ లేరు. నవ్వాడు.

"నవత," అన్నాడు.

ఎంతో స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా, చెవులు ఎర్రబడకుండా అన్నాడు. మూడు నెలలుగా ఆమె వినాలనుకున్నది సరిగ్గా అలాగే.

నవత చెయ్యి తీసింది. అతను లోపలికొచ్చి, చెప్పులు విడిచి, కూరేంటని అడిగాడు.