చెవులు కుట్టని వీధి

కత్తిని వేపాకుతో రుద్ది, పాత బనీను గుడ్డలో చుట్టి, ఉప్పు డబ్బా పక్కన సంచిలో దోపుకున్నాడు పాపన్న. ఆ సంచి ఎప్పుడూ ఇంటి బయట కొక్కేనికే వేలాడుతుంది. దాన్ని గడప దాటనివ్వదు భార్య జ్యోతిలక్ష్మి.

"నిన్న రామాంజులన్న ఇట్లా పోతా పోతా వచ్చినాడు. కాఫీ తాగి పోయినాడు. ఎంత నవ్విచ్చినాడో!" అంది ఆమె వంటింట్లో నుంచి.

పొద్దున్నే ఆ పేరు చెవిన పడితే పాపన్నకు మెతుకు దిగదు. తింటున్న రాగిముద్దను సగంలో వదిలి చెయ్యి కడిగేసుకున్నాడు.

ఇద్దరిదీ ఒకే పశువుల బీమా ఆఫీసు. ఒకే జీతం. తిరిగేవి కూడా అవే ఊళ్లు. బతికున్న ఆవుల చెవులకు పసుపుపచ్చ బిళ్లలు కుట్టేది రామాంజులు. ఆ ఆవు చచ్చిన రోజున వెళ్లి, బిళ్లతో సహా చెవి కోసి, ఉప్పులో పెట్టి ఆఫీసుకు చేర్చేది పాపన్న. బిళ్ల ఉన్న చెవి చేరితేనే గొడ్డు ఇంటివాళ్లకు పరిహారం. ఎవరు పంచారో గానీ, ఏం పంపకమండీ అది! బత్తలపల్లె చుట్టుపక్కల పల్లెల్లో రామాంజులు బండి చప్పుడైతే ఆడవాళ్లు ఎదురొచ్చి మంచం వాలుస్తారు. వేడి వేడి జొన్నరొట్టె మీద చెనక్కాయల ఊరిబిండి పెట్టి చేతికిస్తారు. పుట్టిన దూడకు పేరు పెట్టమంటారు. పాపన్న బండి చప్పుడైతే పాలిచ్చే ఆవుల్ని ఆయన కంట పడకుండా పాకలోకి తోలేస్తారు.

మరి కడుపు మండదా? మండింది. ఏళ్ల తరబడి మండుతూనే ఉంది. రామాంజులు గుండ్రటి మొహం, వక్కాకుతో ఎర్రబడ్డ నోరు, ఆవును కూడా "తల్లీ" అని పిలిచే ఆ గొంతు, అన్నీ పాపన్నకు కంటగింపే. తనేమో ఎండిన చెరుకుగడలా పొడుగ్గా ఉంటాడు. ఉప్పు తగిలి తగిలి వేళ్ల సందులు పగిలి ఉంటాయి. ఎవరింట్లోనైనా చెయ్యి చాపి మంచినీళ్లు అడగాలన్నా మొహమాటమే.

ఆ రోజు కబురు ఓబమ్మ ఇంటినుంచి వచ్చింది. బత్తలపల్లె అవతల, గుట్ట కింద చిన్న పల్లె. వాన ముఖం చాటేసి గిడసబారిన జొన్న మొలకలు విషమవుతాయని అందరికీ తెలుసు. ఆకలిగొన్న ఆవుకు తెలియదు కదా. కట్టు తెంపుకుని మేసింది, ఇంటికి చేరేలోపే కాళ్లు తన్నుకుని పోయింది. ఓబమ్మ మొగుడు బెంగళూరులో కట్టడం పనికి పోయాడు. ఇక్కడ ఆమెకూ అత్తకూ పొయ్యి వెలిగేది ఆ ఆవు పాలతోనే. పరిహారం వస్తే ఇంకో ఆవు, లేకుంటే ఆమె కూడా మూట కట్టుకుని బెంగళూరు బస్సెక్కాల్సిందే.

పాపన్న ఆవు తల దగ్గర గొంతుకూర్చుని కుడి చెవి పట్టి చూశాడు. ఎడమ చెవీ చూశాడు. రెండూ నున్నగా ఉన్నాయి. రంధ్రమే లేదు.

"బిళ్ల యాడమ్మా?"

ఓబమ్మ కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది. దేవుడి గూట్లోంచి బిళ్ల తెచ్చి చూపింది. దానికి పసుపు, కుంకుమ, ఎండిపోయిన కనకాంబరం.

"చెవి కుట్టేటప్పుడు అది అరుస్తాదంటే నేనే వద్దని ఏడ్చినా అప్పా. సూడితో ఉండె అప్పుడు. రామాంజులన్న ధర్మాత్ముడు. 'సరేలే తల్లీ, దేవుని కాడ పెట్టుకో, అదే కాపాడుతాది' అన్నాడు. ఈ వీధిలో అందురికీ అట్లే ఇచ్చినాడు."

"అందురికీనా?"

"ఒక్క ఆవుకూ చెవి కుట్టలే," అంది ఆమె, అదేదో గొప్పలా.

పాపన్న లేచి వీధి వెంట నడిచాడు. నిజమే. పాకల్లో కట్టేసిన ఆవులన్నీ నున్నటి చెవులు ఊపుతున్నాయి. గడప బయటినుంచే తొంగి చూస్తే, ఒక్కో ఇంటి గూట్లో ఒక్కో బిళ్ల పూజలందుకుంటోంది. ఇదా నీ మంచితనం రామాంజులూ! పని ఎగ్గొట్టి రొట్టెలు తిన్నావా! పాపన్నకు జాలి వేయాల్సిన చోట సంతోషం వేసింది. ఒళ్లంతా తేలికైంది. పండగనాడు కొత్తబట్ట కట్టుకున్నట్టు అనిపించింది.

ఫోన్ చేశాడు. రామాంజులు అవతలినుంచి ఒప్పేసుకున్నాడు.

"అన్నా, తప్పే. ఆడోళ్లు ఏడుస్తా ఉంటే నాకు చేతులు రాలే. ఇప్పుడే వస్తాండా, అన్నీ కుట్టేస్తా. ఆ ఓబమ్మది ఒక్కటి నువ్వు ఎట్లన్నా చూడన్నా. పెద్దసారుకు నాలుగు మాటలు రాయి."

"నువ్వు రొట్టెలు తిను, తిట్లు మాత్రం నేను తింటా. బాగుండాది!" అని ఫోన్ పెట్టేశాడు పాపన్న.

నాలుగు మాటలు రాస్తే పెద్దసారు వినేవాడే. పోయినేడు పామిడి దగ్గర ఒక ముసలాయన ఆవుకు చెవి చిరిగి బిళ్ల ఊడిపోతే, ఇదే పాపన్న బతిమాలి ఒప్పించాడు. కానీ ఆ బిళ్ల కుట్టింది వేరెవరో. ఇక్కడ ఓబమ్మను గట్టెక్కించాలంటే రామాంజుల్ని కూడా గట్టెక్కించాలి. అది మాత్రం ఆయనవల్ల కాలేదు. గడప బయటినుంచే దేవుడి గూడునూ, ఆ తర్వాత నున్నటి చెవినీ ఫొటోలు తీసి ఆఫీసుకు పంపించేశాడు.

"దుడ్లు వస్తాయి కదప్పా?" అంది ఓబమ్మ.

"బిళ్ల చెవికి ఉండాల. గూట్లో ఉంటే రావు."

ఆమెకు అర్థమవడానికి కాసేపు పట్టింది. అయ్యాక కొంగు నడుముకు బిగించి అందుకుంది. "నీ నోట మంచి మాట ఎప్పుడొచ్చె! చచ్చినాక పీక్కుతినేదానికి వస్తావు. అదే రామాంజులన్న అయ్యుంటే మా కడుపు కొట్టుండునా?"

"చేసిందంతా ఆయప్పే గదమ్మా!" అని అరిచాడు పాపన్న. ఎవరూ వినలేదు. వీధి ఆడవాళ్లంతా ఓబమ్మ పక్కనే చేరారు.

మధ్యాహ్నం ఎండలో రామాంజులు వచ్చాడు. బండి దిగేసరికి చొక్కా మొత్తం తడిసి ఉంది, మొహం బూడిద రంగుకు తిరిగింది. పరుగున గడప లోపలే మంచం వాల్చారు. ఆయన ఓబమ్మ గడప దగ్గర చెప్పులు విడిచి మంచమ్మీద కూర్చున్నాడు.

"పంపేసినావా అన్నా?"

"పంపేసినా."

"కానీలే. నీ పని నువ్వు చేసినావు." ఓబమ్మ వైపు తిరిగాడు. "తప్పు నాది తల్లీ. అన్నను తిట్టొద్దు. బిళ్ల కుట్టకుండా పోయినోణ్ని నేనే."

"నువ్వేం చేస్తావన్నా, మేం ఏడ్చినాం కాబట్టి గదా!" అంది ఓబమ్మ. దానికి వీధంతా అవునంటే అవునంది. తప్పు ఒప్పుకున్నా వాడే మంచివాడు! పాపన్నకు పళ్లు కొరుక్కోవాలనిపించింది. చచ్చిన ఆవు పక్కన, పొద్దున్నుంచీ నిలబడ్డ చోటే ఒంటరిగా నిలబడ్డాడు.

"రొమ్ము బిగపట్టినట్లు ఉండాది. కాసేపు పండుకుంటా," అన్నాడు రామాంజులు. ఒకామె తలకింద దిండు పెట్టింది, ఒకామె చాటతో విసిరింది, ఓబమ్మ నీళ్లు తాగించబోయింది. నీళ్లు పెదవి చివరనుంచి జారిపోయాయి. చాట విసిరే ఆమె ఇంకాసేపు విసురుతూనే ఉంది.

పాపన్నే 108కు ఫోన్ చేశాడు. వచ్చినవాళ్లు నాడి పట్టుకుని, ప్రాణం లేదని తల అడ్డంగా ఊపారు. మోసుకుపోతుంటే వీధి వీధంతా రోడ్డుదాకా వెంటపోయింది. ముందు నడిచింది ఓబమ్మే. "నా ఆవు పోతే పోయెనే! అన్న పోయినాడే!" అని ఆమె ఏడుపు గుట్టకు తగిలి తిరిగొచ్చింది.

ఫోన్ మోగింది. ఆఫీసునుంచి సందేశం. ఓబమ్మ ఆవుకు పరిహారం లేదని, మిగతా ఇళ్ల బిళ్లలన్నీ రద్దని. కింద పెద్దసారు విడిగా రాశాడు: శభాష్ పాపన్నా. ఇన్నేళ్ల ఉద్యోగంలో అలాంటి మాట ఆయనకు రావడం అదే మొదలు.

పంపిన ఫొటోలు తుడిచేద్దామని బొటనవేలు పెట్టాడు. చూసేసినవాటిని తుడిచి లాభమేముంది? ఇంకో ఆవు రాదు. ఓబమ్మ బస్సెక్కుతుంది. తను ఫోన్ చేయకుంటే ఆ మనిషి ఈ ఎండలో బయలుదేరేవాడే కాదు. ఇదంతా తెలుస్తూనే ఉంది. అయినా, సిగ్గులేని గుండె, రోడ్డునుంచి వినిపిస్తున్న ఏడుపు వింటూ ఒక్కటే అడిగింది: రేపు నేను పోతే ఏ వీధి ఏడుస్తుంది?

ఏ ఇంటా పాపన్నను లోపలికి పిలిచింది లేదు, అందుకే బూట్లు బయట విప్పాల్సిన అవసరమూ పడలేదు, ఇప్పుడు కూడా వాటితోనే నిలబడి ఉన్నాడు. ఓబమ్మ గడప పక్కన రామాంజులు చెప్పులు, మడమల దగ్గర అరిగినవి, ఇంటివైపు తిరిగి ఉన్నాయి.