ఓడలోకి కుక్కరు

"సిన్నతల్లిని మాన్పించేస్తే ఎలాగుంటాదే?" అన్నాడు డేవిడ్‌రాజు, పెరటి గుమ్మంలో కుర్చీ వేసుకుని.

ఎలీసమ్మ గట్టు మీద కూర్చుని నెత్తళ్ళు బాగు చేస్తోంది. చిన్నతల్లంటే వాళ్ళింట్లో అంట్లు తోమి బట్టలుతికి వెళ్ళే మనిషి. ఆమె మానేస్తే ఆ అంట్లూ ఆ బట్టలూ ఎవరి చేతుల్లోకి వస్తాయో ఆయన చెప్పలేదు, ఎలీసమ్మా అడగలేదు. చేప తల గిల్లి పిల్లి వైపు విసిరి, మీ ఇష్టం అంది. ఆయన సంబరంగా కాగితం మీద గీత ఒకటి గీసుకున్నాడు. ఆ గీతతో ఓడ మరో మూర దగ్గరకు జరిగిందని ఆయన సంతోషం.

ఆ ఓడ పిచ్చి ఇవాళ్టిది కాదు. గరివిడి ఫ్యాక్టరీలో కొలిమి ముందు నిలబడి ఆయన వయసంతా కరిగించేశాడు. చొక్కా పిండితే ఉప్పునీళ్ళు కారేవి. తను కరిగించిన లోహం విశాఖపట్నం రేవులో ఓడెక్కి జపానుకీ జర్మనీకీ పోయిందనీ, తను మాత్రం గరివిడి నుంచి ఎక్కడికీ కదల్లేదనీ పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు. చర్చి సంఘం వాళ్ళతో భీమిలి పిక్నిక్కుకి వెళ్ళినప్పుడు అందరూ ఇసకలో ఆడుకుంటుంటే ఈయన ఒక్కడూ దూరంగా పోతున్న ఓడ కేసి చూస్తూ నిలబడ్డాడు. ఎలీసమ్మ అప్పుడు రాళ్ళు పేర్చి పొయ్యి రాజేస్తోంది కాబట్టి ఓడని చూడలేదు. ఆయన ముఖాన్ని చూసింది. ఎంతో జాలేసింది ఆమెకి.

రిటైరయ్యాక ఫోనులో దొరికింది ఆయనకి దారి. బొంబాయిలో ఎక్కితే భూగోళం చుట్టూ తిప్పి, మూడు నెలల పైన, మళ్ళీ బొంబాయిలోనే దించుతారట. టిక్కెట్టు వింటే గుండె ఆగిపోయేంత ఉంది. ఆయన ఫ్యాక్టరీ డబ్బు ఇల్లు కట్టడానికీ కూతురు షాలిని చదువుకీ పెళ్ళికీ ఎప్పుడో హరించుకుపోయింది. ఇప్పుడున్నది తోట డబ్బు. రామతీర్థం దగ్గర ఎలీసమ్మకి తల్లి రాసిచ్చిన జీడితోట అది. రాసిచ్చిన నాడు అత్తగారు చూసొచ్చి, ఇదేటి తోటే, కొండరాళ్ళకి కాపలా కాసుకోడానికి పనికొస్తాదని నవ్వింది. ఆ రాళ్ళ పక్కనుంచే పెద్ద రోడ్డు పడింది. అమ్మిన డబ్బు ఎలీసమ్మ పేరునే బ్యాంకులో ఉంది. కానీ ఇంట్లో దాని పేరు "మన డబ్బు". ఆమెకీ అందులో తప్పేమీ కనపడలేదు. మనిషే ఆయనదైనప్పుడు డబ్బు ఎవరిదైతేనేం అనుకునే రోజుల్లో పెరిగింది మరి.

ఆ డబ్బుకి కూడా టిక్కెట్టు అందీ అందనట్టుంది. అందుకని రోజూ సాయంత్రం బడ్జెట్టు. మొదట పేపరు మానేశారు, అది ఆయనది. ఆ తర్వాత తీసినవన్నీ ఎటు తిరిగి ఎటు వచ్చినా ఆమె ఒంటి మీదికే వచ్చాయి. బజారుకి ఆటో వద్దు, నడిస్తే మోకాళ్ళకి మంచిదన్నాడు. పిండి మిల్లుకెందుకు, రోలు బయటే ఉంది కదా అన్నాడు. పన్ను డాక్టరు దగ్గరికి వచ్చే ఏడాది వెళ్దాం అన్నాడు. ఇప్పుడు చిన్నతల్లి. ప్రతిసారీ, మనకోసమే కదే, అనేవాడు. ఆ మాట అనేటప్పుడు చిన్నపిల్లాడిలా ఉండేవాడు. దానికే ఆమె ఓడిపోయేది. ఆయన ఏనాడూ చెయ్యెత్తిన మనిషి కాదు, సీసా ముట్టిన మనిషి కాదు. నీ అదృష్టమే ఎలీసమ్మా అని సంఘంలో ఆడవాళ్ళందరూ అనేవారు. అదృష్టవంతురాలికి మోకాళ్ళ నొప్పులు రాకూడదని లేదు కదా అని మాత్రం ఆమెకి లోపల్లోపల అనిపించేది.

ఒకనాడు కొత్తవలస నుంచి షాలిని ఫోను చేసి, ఆ ఓడ వివరాలన్నీ చదివి వినిపిస్తోంది. ఎలీసమ్మ పక్కనే బియ్యంలో రాళ్ళేరుతూ ఓ చెవి అటు వేసి ఉంచింది. తిండి ఖర్చు వేరే లేదు నాన్నా, టిక్కెట్టులోనే ఉంది, పొద్దున్న టిఫినూ మధ్యాహ్నం భోజనమూ సాయంత్రం టీ రాత్రి భోజనమూ అన్నీ వాళ్ళే పెడతారు, అంది షాలిని. ఎలీసమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

అంతవరకు ఆమెకి ఆ ఓడంటే డేవిడ్‌రాజు ముచ్చటే. లండనంటే ఏమిటో, పనామా అంటే ఏమిటో ఆమెకి పట్టలేదు. కానీ ఈ మాట పట్టుకుంది. మూడు నెలల పైన, రోజుకి మూడు పూటలు, ఎవరో వండుతారు. ఆమె వెళ్ళి కూర్చుంటుంది. వేడిగా ఉండగానే తింటుంది. తిన్న కంచం వదిలేసి లేచిపోతుంది. అలాంటి పూట తన బతుకులో ఒకటైనా ఉందా అని వెతుక్కుంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఊటీ వెళ్ళినప్పుడు కిరసనాయిలు స్టవ్వు వెంట వచ్చింది. ఆమె జ్ఞాపకంలో ఊటీ అంటే గాలికి ఆరిపోతున్న ఆ మంటే. సంఘం కన్వెన్షన్లకి వెళ్ళినా పందిట్లో వాక్యం మగవాళ్ళు వినేవారు, వెనక గాడిపొయ్యిల దగ్గర ఆడవాళ్ళకి ఆమెన్ అనే మాట మాత్రమే వినపడేది. షాలిని పుట్టినప్పుడు మిషనాసుపత్రిలో పచ్చి బాలింతగా పడుకుని ఉంటే అత్తగారు వచ్చి, "మావోడు మరమరాలు తిని ఉంటన్నాడే. నా సేతిది కూడా తినడంట, నీ సేతి కూడే కావాలంట," అంది. కోపంగా కాదు, మురిపెంగా చెప్పింది. ఎలీసమ్మ కూడా మురిసిపోయింది. ఇంటికెళ్ళిన పూటే లేచి వండిపెట్టింది.

నిజానికి ఆయనకి ఆమె చేతి వంట తప్ప పడదు. హోటలు గడప తొక్కడు. పెళ్ళిళ్ళకి వెళ్తే అక్షింతలేసి వచ్చేస్తాడు. ఆఖరికి కూతురింటికి వెళ్ళినా ఆయనకి క్యారేజీ వెళ్ళాల్సిందే. అల్లుడు బెన్హర్ నవ్వి, అత్తయ్యా, మావయ్యకి మీరొక బతికున్న క్యారేజీ, అన్నాడొకసారి. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. బడి చదువు లేదు, ఉద్యోగం లేదు, మెడలో వేసిన పతకమల్లా ఇదొక్కటే. నేను లేకపోతే ఆయన పస్తుంటాడు. ఆ పతకం బరువు మెడ వంగేదాకా తెలియలేదు.

ఆ ఫోను తర్వాత ఎలీసమ్మకి ఓడ మీద ఆశ పుట్టింది. రోట్లో పిండి రుబ్బుతుంటే ఓడలో భోజనాల గది కళ్ళముందు కదిలేది. అక్కడ తను ఏం తింటుందో ఆమెకి తెలియదు. ఏం తింటారు అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియదు, ఎందుకంటే ఆమెనెవరూ ఎప్పుడూ అడగలేదు. తనకేం ఇష్టమా అని ఆలోచించింది. గుర్తుకొచ్చినవన్నీ ఆయనకి ఇష్టమైనవే. కొత్త మనిషితో పరిచయం చేసుకోబోతున్నట్టు సిగ్గేసింది. చిన్నతల్లి మానేసినాక ఆ అంట్లు కూడా పాట పాడుకుంటూ తోమేసింది.

ఓ శనివారం డేవిడ్‌రాజు విజయనగరం వెళ్ళి అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. విప్పి చూపించాడు. చిన్న కరెంటు కుక్కరు. ఇద్దరికి సరిగ్గా సరిపోతుంది. ముద్దుగా ఉంది.

"నీ కోసమే తెచ్చినాను," అన్నాడు. "ఓడలో ఆ రొట్టెలూ ఆ బొమికలూ మనకేటి పడతాయే. గదిలో ప్లగ్గున్నాది. నువ్వు రెండు గుప్పిళ్ళు పడేసి మీట నొక్కడమే. నీకు కష్టం ఉండదు."

తీరిగ్గా మిగతావీ చెప్పుకొచ్చాడు. గదుల్లో అన్నిటికన్నా చవకైంది లోపలి గది, దానికి కిటికీ ఉండదు, అదే తీసుకుందాం. కుక్కరు తేనివ్వరని షాలిని చెప్పింది, నిప్పు భయమట, దానికేముంది, నీ చీరల మడతల్లో పెట్టేయ్, ఆడవాళ్ళ పెట్టె ఎవరు విప్పుతారు. కాకపోతే బియ్యం, ఊరగాయలు, ఎండుచేపలు కూడా పట్టాలి కాబట్టి చీరలు నాలుగు చాలు. రోజూ ఉతుక్కోవచ్చు.

ఎలీసమ్మ కుక్కరు మూత తీసి చూసింది. లోపల తళతళలాడుతూ తన ముఖం కనపడింది, వెడల్పుగా సాగిపోయి. ఈ ఇంటి వంటింటికైనా ఒక కిటికీ ఉంది అనుకుంది. సముద్రాలన్నీ బయట పోతుంటే, కిటికీ లేని గదిలో, దొంగతనంగా, ఆవిరి బయటికి పోకుండా తలుపు సందుకి గుడ్డ పెట్టి, తను అన్నం వండుతూ ఉంటుంది. ఆయన డెక్కు మీద నిలబడి దూరంగా చూస్తూ ఉంటాడు. కోపం రావాల్సింది గానీ రాలేదు. పెళ్ళికి వెళ్ళడానికి ముస్తాబైన చిన్నపిల్లని, నువ్వు రావక్కర్లేదులే, ఇంట్లో ఉండు అన్నప్పుడు ఆ పిల్ల ఎలా నిలబడిపోతుందో అలా నిలబడిపోయింది.

మర్నాడు ఆదివారం. ఆరాధన అయ్యాక షాలిని వచ్చింది, గది బుక్ చేసేద్దామని. భోజనాలయ్యాక ముగ్గురూ కూర్చున్నారు. షాలిని ఫోను తెరిచి, ఇద్దరే కదా నాన్నా అంటూ మొదలుపెట్టింది. ఎలీసమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఒక్కరికి ఎంతవుతాదో సూడమ్మా," అంది.

షాలిని వేలు ఆగింది. డేవిడ్‌రాజు తలెత్తాడు. "ఒక్కణ్ణే నన్ను పొమ్మంటన్నావేటే?" అన్నాడు.

"మిమ్మల్ని కాదు," అంది ఎలీసమ్మ. "నేను."

 షాలిని తండ్రి కేసి చూడకుండా ఫోనులో వెతికి, చిన్న గొంతుతో చెప్పింది. గదికి రెండు మంచాలు ఉంటాయట. ఒక్కరే వెళ్ళినా దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాలట. ఫరవాలేదు కట్టేద్దాం, కిటికీ ఉన్నది చూడు, దానికి చాలకపోతే సగం దూరం పోయి వచ్చే ఓడ చూడు, అంది ఎలీసమ్మ. అంత తేలిగ్గా ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

డేవిడ్‌రాజు రెండు రోజులు మాట్లాడలేదు. అలక కాదు, అర్థం కాకపోవడం. పెట్టింది తిన్నాడు, వీధిలోకి వెళ్ళాడు, వచ్చాడు. మూడోనాడు ఆమె కూర తరుగుతుంటే ఎదురుగా వచ్చి నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ళు పట్టేసి కూర్చోడానికి కష్టపడ్డాడు. నేనేం తక్కువ చేశానే అని అడిగాడు.  ఆమెకి అయ్యో అనిపించింది. లేచి వెళ్ళి కుక్కరు చీరల్లో పెట్టేద్దామా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణాన్ని దాటించుకుని కత్తిపీట పక్కకి జరిపింది.

"మీకు వండడం నాకు బరువని కాదు," అంది. "వండకుండా ఉంటే నేను ఎలాగుంటానో నాకు తెలీదు. పొద్దున్న లెగిసి ఏటి సేస్తాను, ఏటి ఆలోసిస్తాను, నాకేటి తినాలనిపిస్తాది. ఇప్పటికైనా ఒకసారి సూసుకోవాలనుంది. మీరు ఓడెక్కి దేశాలు సూద్దామనుకుంటన్నారు. నేను నన్ను సూద్దామనుకుంటన్నాను. మా అమ్మ ఇచ్చిన డబ్బు, దానికి సాలదేటి?"

ఆయన చాలాసేపు వంకాయ ముక్కల కేసి చూశాడు. ఇన్నేళ్ళూ ఆమె ఎదురుగా కూర్చుని తిన్నాడు గానీ ఆమె తరుగుతుంటే ఎదురుగా కూర్చోవడం ఇదే మొదలు. ఆ కూర తినేటప్పుడు ఆ పూట, బాగుందే అన్నాడు. ఆ మాట వినడం కూడా ఆమెకి ఎన్నాళ్ళకో. ఆ వారం తిరక్కుండానే చిన్నతల్లి మళ్ళీ పనిలోకి వచ్చింది. ఎవరు పిలిచారంటే, సార్ వచ్చి పిలిచారమ్మా అంది.

ఆ తర్వాతి వారం షాలిని ఇంటికి కొత్తవలస బయల్దేరారు. తెల్లారి ఎలీసమ్మ క్యారేజీ దించబోతే ఇవాళ వద్దులే అన్నాడు డేవిడ్‌రాజు. ఒంట్లో బాగా లేదేమో అనుకుంది. ప్యాసింజరు బండి దిగగానే కూతురింటికి నడవకుండా ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల దగ్గర ఆగిపోయి, నువ్వు కూర్చో అన్నాడు. స్టాలు దగ్గరికి వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళాడు. ఆఖరికి రెండు కాగితం ప్లేట్లలో ఉప్మా పట్టుకుని, చట్నీ ఒలికిపోకుండా అడుగులో అడుగేసుకుంటూ వచ్చాడు. ఒకటి ముందు ఆమెకిచ్చాడు. అరవై దాటిన ఆ మనిషి వేరేవాళ్ళు వండినదాన్ని చేతిలో పట్టుకుని, ప్రార్థన చేసుకుని, మందు మింగినట్టు కళ్ళు మూసుకుని ఒక ముద్ద మింగాడు. గొంతు దిగేదాకా ఊపిరి బిగబట్టాడు. తర్వాత ఇంకో ముద్ద. పక్క పట్టాల మీద కిరండూల్ గనుల వైపు నుంచి వచ్చిన గూడ్సు ఒకటి ఎర్రటి ఇనప రాయి నింపుకుని రేవు కేసి పోతూ ఉంది. అది పోయేదాకా ఇద్దరూ దాన్ని చూస్తూ తిన్నారు.

ఎలీసమ్మ ఉప్మాలో అల్లం ఎక్కువైంది. ఆమెకి అల్లం అలా పంటికి తగలడం బాగుంది. ఆయనకి పడదని ఇన్నేళ్ళూ తను దంచి పిండి రసం మాత్రమే వేస్తూ వచ్చింది. ఇది నాకిష్టం అని లోపల ఒక మాట అనుకుంది, పేరు పెట్టినట్టు.

డేవిడ్‌రాజు ప్లేటు ఖాళీ చేసి, నీళ్ళు తాగి, ఆమె ముఖం కేసి కాకుండా పట్టాల కేసి చూస్తూ అన్నాడు. "ఆ రెండో మంచానికి ఎలాగా డబ్బులు కడతన్నావంట కదా. నన్ను కూడా తీసుకెళ్తావేటే?"

ఆ గొంతు ఆమె ఎరిగినదే. కావాలన్నది అడిగేటప్పటి గొంతే. కానీ ఇన్నాళ్ళూ ఆయన చెప్పేవాడు, ఆమె మీ ఇష్టం అనేది. ఇవాళ ఆయన అడుగుతున్నాడు, ఆమె చెప్పాలి. ఆమె తొందరపడలేదు. చివరి ముద్ద నెమ్మదిగా తిని, ప్లేటు మడిచి, ఆయన చేతికిచ్చింది, పారెయ్యమని.

"తినగలిగితే రండి," అంది. "తినలేకపోతే, రేవు దాకా వచ్చి సెయ్యూపండి."